తెర ఒకచోట, కంప్యూటర్ మరొకచోట

హైదరాబాద్ నగరానికి దక్షిణాన, శంషాబాద్ దగ్గర సుమారు 5,500 ఎకరాల్లో విస్తరించిన రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయానికి 2008 మార్చి 23న బేగంపేట నుంచి విమాన రాకపోకలు మారాయి. ఇక్కడి ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. దానికి సమాంతరంగా 3,707 మీటర్ల రెండో రన్‌వే ఉంది. ఇంత విశాలమైన ప్రాంగణంలోనూ, దాని మీది ఆకాశంలోనూ జరిగే ప్రతి కదలికను గమనించే బాధ్యత కొన్ని గదుల్లో, కొన్ని బల్లల ముందు కూర్చున్నవారిది. గగనతల నియంత్రణ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా చూస్తుంది, విమానాశ్రయ నిర్వహణ జీఎంఆర్ సంస్థ చూస్తుంది, కాపలా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం చూస్తుంది. పనులు వేరైనా వీరందరి కళ్లూ నిలిచేది తెరల మీదనే. రాడార్ చిత్రం, వాతావరణ సమాచారం, ఫ్లైట్ ప్లాన్లు, కెమెరా దృశ్యాలు అన్నీ అక్కడికే వచ్చి చేరతాయి. 2024 డిసెంబరులో కేంద్ర పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు ఇక్కడ ప్రారంభించిన ముందస్తు అంచనాల నిర్వహణ కేంద్రం కూడా, విమానాశ్రయానికి కంప్యూటర్‌లో ఒక ప్రతిరూపాన్ని నిర్మించి దాన్ని పెద్ద తెరల మీద సిబ్బంది ముందు ఉంచేదే.

తెరలు సరే, వాటిని నడిపే కంప్యూటర్లు ఎక్కడ ఉంటాయన్నది సాధారణంగా ఎవరికీ తట్టని ప్రశ్న. ఇళ్లలోనూ ఆఫీసుల్లోనూ కంప్యూటర్ బల్ల కిందనే ఉంటుంది కనుక నియంత్రణ గదిలోనూ అంతేననిపిస్తుంది. రాత్రింబవళ్లు మనుషులు పనిచేసే గదిలో అది కుదరదు. పదుల సంఖ్యలో యంత్రాలు ఒకేచోట నడిస్తే వాటి ఫ్యాన్ల హోరు, అవి వెదజల్లే వేడి కంట్రోలర్ చెవులనూ ఓపికనూ హరిస్తాయి. ఒక యంత్రం మొరాయించినప్పుడు సాంకేతిక సిబ్బంది వచ్చి, విమానాలతో మాట్లాడుతున్న మనిషి కాళ్ల దగ్గర కూర్చుని డబ్బా విప్పే పరిస్థితి రాకూడదు. పైగా యంత్రం చేతికందేంత దగ్గరలో ఉంటే దానికి ఎవరైనా ఒక పెన్‌డ్రైవ్ తగిలించగలరన్న భయం ఉండనే ఉంటుంది. అందుకే కంప్యూటర్లను తాళం వేసిన, చల్లబరిచిన, ధూళి చొరబడని యంత్రాల గదికి తరలించి, బల్ల మీద తెర, కీబోర్డు, మౌస్ మాత్రమే ఉంచే పద్ధతి ప్రపంచవ్యాప్తంగా నియంత్రణ గదుల్లో స్థిరపడింది.

ఇలా విడదీసిన మరుక్షణమే తీగల చిక్కు మొదలవుతుంది. కంప్యూటర్ నుంచి తెరకు బొమ్మను మోసే రాగి కేబుల్, చిత్రం నాణ్యత పెరిగే కొద్దీ దూరం వెళ్లలేదు. మామూలు డీవీఐ, హెచ్‌డీఎంఐ కేబుళ్లకు అయిదారు మీటర్లు దాటితే నమ్మకం తగ్గిపోతుంది. కీబోర్డు, మౌస్ తగిలించే యూఎస్‌బీ 2.0 కేబుల్‌కు ప్రమాణం విధించిన హద్దు 5 మీటర్లు. యంత్రాల గది సాధారణంగా మరో అంతస్తులోనో, మరో భవనంలోనో ఉంటుంది.

ఆ కేబుల్ మోయవలసిన బరువెంతో లెక్క కట్టి చూడవచ్చు. వెడల్పులో 1,920, ఎత్తులో 1,080 చుక్కలున్న సాధారణ హెచ్‌డీ తెర మీద దాదాపు 20.7 లక్షల చుక్కలుంటాయి. ఒక్కో చుక్క రంగును తెలపడానికి 24 బిట్లు కావాలి, బొమ్మ సెకనుకు 60 సార్లు మారాలి. ఈ మూడింటినీ గుణిస్తే సెకనుకు దాదాపు 300 కోట్ల బిట్లు, అంటే 3 గిగాబిట్లు. రాడార్ చిత్రం కోసం గగనతల నియంత్రణలో విరివిగా వాడే చతురస్రాకారపు తెరలో నిలువునా అడ్డంగా 2,048 చొప్పున చుక్కలుంటాయి కనుక దానికి 6 గిగాబిట్లు, 4కే తెరకు దాదాపు 12 గిగాబిట్లు కావాలి. ఇదంతా ఒక్క తెర సంగతి. ఒక్కో బల్ల ముందు మూడు నాలుగు తెరలున్న గదిలో ఎన్ని బల్లలుంటే అన్ని రెట్లు పెంచుకోవాలి.

ఈ బరువును మోయగలిగింది గాజు. దృశా తంతువు, అంటే వాడుకలో ఆప్టికల్ ఫైబర్, రెండు పొరల గాజు పోగు. లోపలి పొర పేరు కోర్, దాన్ని కప్పిన పొర పేరు క్లాడింగ్. కాంతిని వంచే గుణాన్ని కొలిచే వక్రీభవన గుణకం కోర్‌లో కొద్దిగా ఎక్కువగా, క్లాడింగ్‌లో కొద్దిగా తక్కువగా ఉండేలా తయారు చేస్తారు. దానివల్ల కోర్‌లోకి వాలుగా ప్రవేశించిన కాంతి ఆ రెంటి సరిహద్దును తాకినప్పుడు బయటికి పోకుండా పూర్తిగా లోపలికే తిరిగివస్తుంది. పాఠ్యపుస్తకాల్లో సంపూర్ణాంతర పరావర్తనం అని చదివేది దీన్నే. పంజాబ్‌లోని మోగాలో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ, లండన్‌లో హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి గాజు పోగుల కట్ట ద్వారా బొమ్మను పంపవచ్చని 1954లో నిరూపించారు. అప్పటి గాజులో కాంతి కొద్ది మీటర్లలోనే ఆవిరయ్యేది. నష్టానికి కారణం గాజు స్వభావం కాదని, దానిలోని మాలిన్యాలేనని 1966లో చార్లెస్ కావో, జార్జ్ హాక్‌హామ్ వాదించి, నష్టాన్ని కిలోమీటరుకు 20 డెసిబెల్‌లకు తగ్గించగలిగితే ఫైబర్ పనికొస్తుందని లెక్కగట్టారు. ఇరవై డెసిబెల్‌లంటే కిలోమీటరు తర్వాత నూటికి ఒక వంతు కాంతి మిగలడం. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థ శాస్త్రజ్ఞులు ఆ గీత దాటారు. కావోకు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈనాటి సింగిల్ మోడ్ ఫైబర్‌లో 1,310 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద నష్టం కిలోమీటరుకు సుమారు 0.35 డెసిబెల్ మాత్రమే, అంటే కిలోమీటరు పోయినా నూటికి 92 వంతుల కాంతి చేరుతుంది.

ఆ గాజు పోగు శంషాబాద్ పొరుగునే తయారవుతోంది. విమానాశ్రయానికి తూర్పున, మహేశ్వరం మండలంలో రావిర్యాల దగ్గరి ఇ-సిటీలో హెచ్‌ఎఫ్‌సీఎల్ సంస్థ 2020లో ఆప్టికల్ ఫైబర్ కర్మాగారాన్ని ప్రారంభించింది. ఫైబర్ తయారీలో మూలవస్తువు ప్రీఫామ్ అనే గాజు కడ్డీ. కోర్, క్లాడింగ్‌ల నిష్పత్తి ముందే ఆ కడ్డీలో కుదిర్చి ఉంటుంది. పొడవైన నిలువు గోపురం పైభాగాన ఉన్న కొలిమిలో కడ్డీ కొసను దాదాపు 2,000 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేస్తే మెత్తబడిన గాజు బొట్టుగా కిందికి జారుతుంది. ఆ బొట్టు వెంట సాగిన పోగును లాగుతూ, లేజర్‌తో మందాన్ని క్షణక్షణం కొలుస్తూ, లాగే వేగాన్ని సరిదిద్దుతూ 125 మైక్రాన్ల మందం తేడా రాకుండా నిలుపుతారు. గాజు చల్లారగానే గాలి తేమ తగలకముందే దాని మీద ప్లాస్టిక్ పూత పడాలి. కడ్డీలోని గాజంతా పోగులోకే వెళ్తుంది కనుక లెక్క సులువు: 100 మి.మీ. వ్యాసం, ఒక మీటరు పొడవు ఉన్న కడ్డీని 125 మైక్రాన్ల పోగుగా సాగదీస్తే 640 కిలోమీటర్లు వస్తుంది. హైదరాబాద్ నుంచి చెన్నై దాకా పరిచేందుకు దాదాపు సరిపోయే పోగు ఒక మనిషి చేతుల్లో పట్టేంత కడ్డీలో దాగి ఉందన్నది ఎన్నిసార్లు తలచుకున్నా అబ్బురమే.

ఫైబర్ రెండు చివరలా ఒక్కో పెట్టె ఉంటుంది. యంత్రాల గదిలోని పెట్టెను ట్రాన్స్‌మిటర్ అంటారు. అది కంప్యూటర్ వీడియో పోర్టు నుంచి వచ్చే బిట్లను లేజర్ మినుకులుగా మారుస్తుంది. బల్ల దగ్గరి పెట్టె రిసీవర్. అది మినుకులను మళ్లీ విద్యుత్ సంకేతాలుగా మార్చి తెరకు అందిస్తుంది. అదే మార్గంలో ఎదురు దిశన కీబోర్డు నొక్కులు, మౌస్ కదలికలు కంప్యూటర్‌కు చేరతాయి. కీబోర్డు, వీడియో, మౌస్‌ల తొలి ఆంగ్లాక్షరాలు కలిపి ఈ సామగ్రిని కేవీఎం అంటారు. గాజు విద్యుత్తును మోయదు కనుక వేసవి చివర దక్కన్ మీద విరుచుకుపడే పిడుగులు రెండు భవనాల మధ్య రాగి తీగలో పుట్టించే విద్యుత్ పోటు దీనిలో పుట్టదు. రాడార్, రేడియో ప్రసారిణుల విద్యుదయస్కాంత అలజడీ సోకదు.

ఇంతవరకు కథ ఒక కంప్యూటర్, ఒక బల్లదే. నియంత్రణ గది అవసరం అంతటితో తీరదు. రద్దీ వేళల్లో ఒక గగనతల భాగాన్ని రెండు సెక్టార్లుగా చీల్చి ఇద్దరికి అప్పగిస్తారు, అర్ధరాత్రి దాటాక రెండింటినీ కలిపి ఒకరికే ఇస్తారు. ఒక కంప్యూటర్ చెడితే ప్రత్యామ్నాయ యంత్రం చిత్రం అదే బల్ల మీదికి రావాలి. ఇన్‌ఛార్జి తన బల్ల నుంచే ఏ కంట్రోలర్ తెరనైనా చూడగలగాలి. శిక్షణలో ఉన్నవారి తెర శిక్షకుడికీ కనిపించాలి. ప్రతి మార్పుకూ ఒక మనిషి యంత్రాల గదికి పరుగెత్తి కేబుల్ ఊడదీసి మరోచోట తగిలించడం కుదరదు కనుక అన్ని ఫైబర్లనూ ఒకేచోటికి తెచ్చి, ఏ యంత్రాన్నైనా ఏ బల్లకైనా ఆదేశంతో కలిపే కూడలిని నెలకొల్పుతారు. అదే మ్యాట్రిక్స్ స్విచ్.

దాని నిర్మాణం మగ్గం మీది పడుగు పేకల వంటిది. కంప్యూటర్ల నుంచి వచ్చే దారులు నిలువుగా, బల్లలకు వెళ్లే దారులు అడ్డంగా ఉంటే, రెండూ దాటుకునే ప్రతిచోటా తెరుచుకునే, మూసుకునే ఒక ద్వారం ఉంటుంది. ఒక అడ్డదారి మీద ఒక్క ద్వారమే తెరవాలి, లేకుంటే రెండు బొమ్మలు కలగలిసిపోతాయి. ఒక నిలువుదారి మీద ఎన్ని తెరిచినా చెల్లుతుంది, ఎందుకంటే ఒకే బొమ్మను పదిమందికి చూపించడం తప్పు కాదు. ఇబ్బందల్లా ద్వారాల సంఖ్యతోనే వస్తుంది. 324 దారులు అటూ ఇటూ ఉంటే ద్వారాలు 1,04,976 అవుతాయి. టెలిఫోన్ ఎక్స్చేంజీలు ఎదుర్కొన్న ఈ చిక్కుకే 1953లో బెల్ ప్రయోగశాలల పరిశోధకుడు చార్లెస్ క్లోస్ పరిష్కారం చూపాడు. ఒక పెద్ద స్విచ్‌కు బదులు చిన్న చిన్న స్విచ్‌లను మూడు వరుసల్లో పేర్చి, మొదటి వరుసలోని ఒక్కో స్విచ్‌కు వచ్చే దారులు ఎన్నో దానికి రెట్టింపు కన్నా ఒకటి తక్కువగా నడిమి వరుసలో స్విచ్‌లు ఉంచితే, అప్పటికే నడుస్తున్న ఏ కలయికనూ కదిలించకుండా కొత్త కలయిక ఎప్పుడైనా కుదురుతుందని గణితంతో నిరూపించాడు. ఆ పద్ధతిలో 324 దారులకు 34,020 ద్వారాలు చాలు. ఖాళీగా ఉన్న యంత్రానికీ ఖాళీగా ఉన్న బల్లకూ మధ్య దారి దొరకకపోవడమన్నది ఎన్నడూ జరగని ఇలాంటి అమరికను అవరోధరహిత స్విచింగ్ అంటారు. టెలిఫోన్‌లో దారి దొరకకపోతే కాసేపాగి మళ్లీ నంబరు కొట్టవచ్చు, రాడార్ తెరకు ఆ వెసులుబాటు లేదు. కనుక ఒక మ్యాట్రిక్స్‌ను ఎంచుకునేటప్పుడు మొదట అడగవలసింది దాని వేగం కన్నా ముందు ఈ గుణం ఉందా అన్నదే.

పేరు ఆప్టికల్ అయినా ఈ స్విచ్‌లలో చాలావాటి నడిబొడ్డున జరిగేది విద్యుత్ వ్యవహారమే. కాంతి లోనికి రాగానే చిన్న మాడ్యూల్ దాన్ని విద్యుత్ సంకేతంగా మారుస్తుంది, ఎలక్ట్రానిక్ చిప్ దారి మళ్లిస్తుంది, మరో మాడ్యూల్ తిరిగి కాంతిగా మార్చి పంపుతుంది. కాంతిని కాంతిగానే మళ్లించే స్విచ్‌లూ ఉన్నాయి. సిలికాన్ మీద చెక్కిన కంటికానని అద్దాలు వాలి, ఒక ఫైబర్ కాంతిని మరో ఫైబర్‌లోకి ప్రతిఫలింపజేస్తాయి. రేపు బిట్ల వేగం ఎంత పెరిగినా వీటికి పట్టింపు లేదు. కానీ ఒక అద్దం కాంతిని ఒకచోటికే మళ్లించగలదు. ఒకే దృశ్యాన్ని పదిమందికి పంచాలంటే కాంతిని చీల్చాలి, రెండుగా చీల్చిన ప్రతిసారీ ప్రకాశం సగానికి పడిపోతుంది. విద్యుత్ రూపంలో ఉన్న సంకేతాన్ని మాత్రం నష్టం లేకుండా ఎన్ని ప్రతులైనా తీయవచ్చు. నియంత్రణ గదుల్లో ఎలక్ట్రానిక్ పద్ధతి నిలదొక్కుకోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

దారి మళ్లించే క్షణంలో కంప్యూటర్‌కు ఆ సంగతి తెలియకుండా చూడటం మరో నేర్పు. ప్రతి తెరలోనూ తన చుక్కల సంఖ్య, రంగుల సామర్థ్యం వంటి వివరాలున్న 128 బైట్ల చిన్న పట్టిక ఉంటుంది, కంప్యూటర్ మొదట దాన్ని చదివి తగిన బొమ్మను పంపుతుంది. దారి మారినప్పుడు తెర ఒక్క లిప్త మాయమైనట్టు కంప్యూటర్‌కు తోస్తే అది బొమ్మ కొలతలు మార్చుకుంటుంది, తెరిచి ఉన్న కిటికీలన్నీ చెల్లాచెదురవుతాయి. అలా జరగకుండా ట్రాన్స్‌మిటర్ ఆ పట్టిక ప్రతిని తన దగ్గరే దాచుకుని, తెర ఎటు పోయినా ఇక్కడే ఉందని చెబుతూ ఉంటుంది. కీబోర్డు, మౌస్‌ల విషయంలోనూ అంతే.

రాడార్ యాంటెన్నా ఒక చుట్టు తిరగడానికి విమానాశ్రయ పరిసరాల్లో నాలుగైదు సెకన్లు పడుతుంది కదా, తెర మీద చుక్క అన్ని సెకన్లకొకసారి కదిలేటప్పుడు మిల్లీసెకన్ల ఆలస్యాన్ని పట్టించుకోవడమెందుకన్న సందేహం సహేతుకమైనదే. సమాధానం మౌస్ దగ్గర ఉంది. చేయి కదిలాక తెర మీది బాణం గుర్తు ఆలస్యంగా కదిలితే మనిషి తెలియకుండానే లక్ష్యాన్ని దాటిపోయి వెనక్కి వస్తాడు. గంటల తరబడి అలా చేయవలసివస్తే అలసిపోతాడు, తప్పుడు విమానం మీద నొక్కే ప్రమాదమూ ఉంటుంది. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది కనుక శంషాబాద్ ప్రధాన రన్‌వే ఈ కొస నుంచి ఆ కొసకు చేరడానికి దానికి 21 మైక్రోసెకన్లు చాలు, అదే తెర మీద ఒక బొమ్మ నిలిచే కాలం దాదాపు 16,700 మైక్రోసెకన్లు. ఆలస్యం పుట్టేది గాజులో కాదు, బొమ్మను కుదించి, పొట్లాలు కట్టి, మళ్లీ విప్పే యంత్రాల్లో.

ఇక్కడే కుదింపుతో ఒకటి, కుదింపు లేకుండా మరొకటి అని రెండు మార్గాలు చీలతాయి. 2022 ఆగస్టు 4న హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ప్రారంభమైన పోలీసుల సమీకృత కమాండ్ కంట్రోల్ కేంద్రంలో భారీ వీడియో గోడ మీదికి నగరం నలుమూలల్లోని కెమెరాల దృశ్యాలు వస్తాయి. అన్ని కెమెరాల చిత్రాలను యథాతథంగా మోయడం ఏ వ్యవస్థకూ సాధ్యం కాదు కనుక వాటిని కుదించి, ఇంటర్నెట్ పద్ధతిలో డేటా పొట్లాలుగా పంపవలసిందే. ఆ పనికి అదే సరైన మార్గం. లండన్ సిటీ విమానాశ్రయం 2021లో తన కంట్రోల్ టవర్‌ను పూర్తిగా స్వాన్‌విక్‌కు తరలించి, వంద కిలోమీటర్లకు పైగా దూరంలోని ఆ కేంద్రంలో కెమెరా దృశ్యాలను చూస్తూ విమానాలను దించుతోంది కనుక కుదించిన చిత్రంతో గగనతల నియంత్రణ అసాధ్యమనీ చెప్పలేం. అయినా పక్క గదిలోనో పక్క భవనంలోనో ఉన్న యంత్రం చిత్రాన్ని కంట్రోలర్‌కు చూపవలసినప్పుడు, కుదింపు లేని ప్రత్యేక దారి అందుబాటులో ఉండగా, ఇతరుల రద్దీతో పంచుకునే దారిని ఎంచుకోవడానికి ఖర్చు తప్ప మరో సమర్థన కనిపించదు.

కుదించిన చిత్రంలో ఆలస్యం కన్నా పెద్ద ప్రమాదం ఒకటుంది. దారి తెగితే తెర నల్లబడడం మేలైన వైఫల్యం, కంట్రోలర్‌కు వెంటనే తెలుస్తుంది. దారి తెగినా చివరి బొమ్మ అలాగే నిలిచిపోతే విమానాలు ఉన్నచోటనే ఉన్నట్టు కనిపిస్తాయి, మనిషి దాన్ని నమ్ముతాడు. అందుకే ఈ సామగ్రిలో సంకేతం ఆగిన వెంటనే తెరను చీకటి చేయడం, లేదా బొమ్మ చుట్టూ ఎర్ర గీత గీయడం వంటి ఏర్పాట్లు ఉంటాయి, తెర మూలన కదిలే గడియారం ఉంచుతారు.

2025 ఏప్రిల్ 28న అమెరికాలోని న్యూవార్క్ విమానాశ్రయానికి వచ్చే విమానాలను నియంత్రించే ఫిలడెల్ఫియా కేంద్రంలో రాడార్ చిత్రమూ రేడియో సంబంధమూ దాదాపు 90 సెకన్లు తెగిపోయాయి. గంటకు 250 నాటికల్ మైళ్ల వేగంతో వచ్చే విమానం ఆ వ్యవధిలో 11 కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తుంది. ఆ తర్వాత అక్కడి పౌర విమానయాన నియంత్రణ సంస్థ పాత రాగి తీగల స్థానంలో ఫైబర్ వేయాలని, అదనపు సమాచార మార్గాలు నెలకొల్పాలని నిర్ణయించింది. అదే సంవత్సరం నవంబరులో ఢిల్లీలో ఫ్లైట్ ప్లాన్లను చేరవేసే సందేశాల స్విచింగ్ వ్యవస్థ మొరాయించి, సిబ్బంది చేత్తో వివరాలు నమోదు చేయవలసివచ్చి, వందలాది విమానాలు ఆలస్యమయ్యాయి. ఈ రెండు సంఘటనల్లోనూ దెబ్బతిన్నది మ్యాట్రిక్స్ స్విచ్ కాదు. కానీ అన్ని దారులనూ ఒక్క కూడలికి తెచ్చే ఏ ఏర్పాటుకైనా ఆ కూడలే బలహీన స్థానమవుతుందన్న హెచ్చరిక వాటిలో ఉంది. కనుక ఒక మ్యాట్రిక్స్ బదులు రెండింటిని వేర్వేరు గదుల్లో, వేర్వేరు విద్యుత్ సరఫరాల మీద నడుపుతారు. ప్రతి బల్లకూ రెండింటి నుంచీ దారి ఉంటుంది. ఫైబర్లనూ రెండు వేర్వేరు కందకాల్లో వేయాలి. రెండు కేబుళ్లూ ఒకే కందకంలో పక్కపక్కనే పోతే, ఒక జేసీబీ పలుగు పోటుతో రెండూ తెగుతాయి. నిర్మాణ పనులు ఎప్పుడూ ఆగని శంషాబాద్ పరిసరాల్లో ఈ సంగతి ఎవరికీ కొత్త కాదు.

కేబుల్ తెగడం కన్నా తరచుగా ఇబ్బంది పెట్టేది ధూళి. సింగిల్ మోడ్ ఫైబర్‌లో కాంతి నడిచే కోర్ వ్యాసం సుమారు 9 మైక్రాన్లు. కంటికి కనిపించని దుమ్ము రేణువు కనెక్టర్ ముఖాన అంటుకుంటే చాలు, కాంతి చాలా వరకు అక్కడే ఆగిపోతుంది. కనెక్టర్‌ను గట్టిగా నొక్కితే ఆ రేణువే గాజు ముఖాన్ని గీరి శాశ్వతంగా పాడు చేస్తుంది. అందుకే అనుభవమున్న టెక్నీషియన్ ప్యాచ్ కార్డ్ అనే చిన్న ఫైబర్ కేబుల్ మూత తీయగానే దాన్ని తగిలించడు. సూక్ష్మదర్శినిలో దాని ముఖం చూస్తాడు, పొడి పట్టీతో ఒకే దిశలో తుడుస్తాడు, మళ్లీ చూస్తాడు, ఆ తర్వాతే పెడతాడు. దారిలో ఎక్కడ నష్టం జరుగుతోందో తెలుసుకోవడానికి ఓటీడీఆర్ అనే పరికరంతో ఫైబర్‌లోకి కాంతి స్పందన పంపి, గాజు లోపలి నుంచి వెనక్కి వచ్చే మసక కాంతిని కాలంతో పాటు కొలుస్తారు. ప్రతి స్ప్లైస్ (అతుకు), ప్రతి కనెక్టర్, ప్రతి మలుపు ఎన్ని మీటర్ల దూరంలో ఉందో దాని గీతలో మెట్లు మెట్లుగా తెలుస్తుంది.

రెండు గదుల మధ్య ఒకసారి ఇలా శుభ్రంగా వేసిన సింగిల్ మోడ్ ఫైబర్‌ను తెరలు మారినప్పుడల్లా తవ్వి తీయవలసిన పని లేదు. రేపు 8కే తెరలు వచ్చి, ఒక్కోదానికి సెకనుకు దాదాపు 48 గిగాబిట్లు కావలసివచ్చినా మార్చవలసింది రెండు చివరలా ఉన్న మాడ్యూళ్లను, నడుమ ఉన్న స్విచ్ కార్డులను మాత్రమే. నేలలోని గాజు అప్పటికీ తన సామర్థ్యంలో కొద్ది భాగాన్నే వాడుకుంటూ ఉంటుంది.